ముప్పై ఎనిమిదో రౌండు

నా భార్య దేవకృప పోయిన రెండేళ్ళకు, నా యాభై నాలుగో ఏట, నేను ఈత నేర్చుకున్నాను. చక్కెర జబ్బు అదుపులో ఉండాలంటే ఒంటికి పని చెప్పమని డాక్టరు అన్నాడు. మొదట మౌలాలి గుట్ట చుట్టూ నడిచాను. తర్వాత సైకిలు కొన్నాను. ఆ రోజుల్లో బందులు ఎక్కువ, బస్సులు తిరిగేవి కావు. లాలాగూడ వర్క్‌షాపులో మా ఆఫీసుకు సైకిలు మీదే వెళ్ళేవాణ్ణి. ఖాళీ రోడ్డు మీద తడబడుతూ తొక్కుతుంటే వెనక నుంచి హారన్ కొట్టేవాళ్ళు లేకపోవడం నాకు పెద్ద మేలే అయింది.

ఈత నేర్పినవాడు రామకృష్ణన్న. రైల్వేలో రిటైరై, ఒక బడి ఈతకొలనులో పెద్దవాళ్ళకు నేర్పుతుండేవాడు. మొదటి రోజు నేను గట్టు పక్క కడ్డీని పట్టుకుని వదల్లేదు.

“ఓడ కట్టినోని పేరు పెట్టుకున్నవ్. గీ మూడడుగుల నీళ్ళకు గింత భయమేందయ్యా, నోవహూ?”

“నీళ్ళు తగ్గేదాకా ఆయన ఓడ దిగలేదు కదన్నా.”

ఆయన నవ్వి, నా వేళ్ళు ఒక్కొక్కటిగా కడ్డీ మీంచి విప్పాడు.

2012 డిసెంబరులో ఆ కొలను దగ్గరే పోటీ పెట్టారు. పందొమ్మిది వందల మీటర్ల ఈత, తొంభై కిలోమీటర్ల సైకిలు, ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. ఒకదాని వెంట ఒకటిగా మూడూ ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. నా వయసువాడికి అవసరమా అని ఆఫీసులో అందరూ అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. అసలు సంగతి చెప్పుకునేది కాదు.

నేను ఏ పనీ పూర్తిగా చేసినవాణ్ణి కాను. ఎమ్మే రెండో ఏడు పరీక్షలు రాయలేదు. హార్మోనియం మూడు పాటల దగ్గర ఆగింది. ఇంటి గేటుకు ఒక రెక్కకే రంగు వేశాను. దేవకృప కోప్పడేది కాదు. “మళ్ళీ కాస్త మిగిల్చారా?” అని అడిగి, ఆ మిగిలింది తనే చేసుకునేది. ఆఖరి నెలల్లో ఆసుపత్రిలో, కీర్తనల గ్రంథం మొత్తం చదివి వినిపిస్తానని మాటిచ్చాను. నూట పన్నెండో కీర్తన దగ్గర తను వెళ్ళిపోయింది. అది నా తప్పు కాదని తెలుసు. అయినా, ఒక్క పని, మొదటి నుంచి చివరిదాకా, ఏ కొరతా లేకుండా చెయ్యాలనిపించింది. అందుకే పేరు ఇచ్చాను.

దేవకృప అక్క ఎలీసబెతు వదిన పద్మారావు నగర్‌లో ఉంటుంది. ఏలూరు వదిలి ముప్పై ఏళ్ళయినా ఆమె మాట మారలేదు.

“ఆదివారం పూట ఆరాధన ఎగ్గొట్టి నీళ్ళల్లో దూకుతారంటగా? బాగుందండీ మరిదిగారూ. పాస్టరుగారు అడిగితే ఏం చెప్పమంటారు?”

“ప్రార్థన చెయ్యమని చెప్పండి వదినా.”

“చేస్తారు లెండి, మీకు బుద్ధి రావాలని!”

కొలను పొడవు ఇరవై ఐదు మీటర్లు. పోయి వస్తే ఒక రౌండు. అలాంటివి ముప్పై ఎనిమిది. గట్టు మీద ఒక్కో మనిషి నలుగురు ఈతగాళ్ళ రౌండ్లు లెక్కపెట్టి కాగితం మీద టిక్కు పెడతాడు. నా లెక్క రామకృష్ణన్న దగ్గర. నీళ్ళలో ఉన్నవాడు కూడా తన లెక్క తాను చూసుకోవాలి. నేను అంకెలు మర్చిపోతాను. అందుకని రౌండుకు ఒక పుస్తకం చొప్పున పాత నిబంధన పుస్తకాల పేర్లు వరసగా అనుకునేవాణ్ణి. అవి ముప్పై తొమ్మిది. చివరిదానికి ముందుది, జెకర్యా, రాగానే ఆగిపోవాలి. ఆ వరస దేవకృప సండే స్కూలు పిల్లలకు చప్పట్లతో నేర్పేది. వంటింట్లో విని విని నాకూ వచ్చింది.

పొద్దున ఆరింటికి దిగాం. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆదికాండము, నిర్గమకాండము... ఒక్కో పేరు ఒక్కో రౌండంతా నాతో వచ్చింది. నాలుగు బారలకు ఒకసారి ఊపిరి. జెకర్యా ముగించి గోడ తాకగానే రామకృష్ణన్న పైనుంచి అరిచాడు.

“అయిపోయింది, ముప్పై ఎనిమిది! లే, లే, సైకిల్ ఎక్కు!”

రెండు లెక్కలూ కలిశాయి. యాభై తొమ్మిది నిమిషాలు పట్టింది. నేను అంతకన్నా ఆశించలేదు.

శామీర్‌పేట దాటి వెళ్ళి తిరిగి రావడం, అలా రెండుసార్లు సైకిలు. మొదటిసారి హాయిగానే గడిచింది. రెండోసారి ఎదురుగాలి మొదలైంది, తొడలు పట్టేశాయి. నొప్పి మీంచి మనసు తిప్పుకోవడానికి మళ్ళీ ఆ పేర్లే పైకి చెప్పుకుంటూ తొక్కాను. యెషయా, యిర్మీయా, విలాపవాక్యములు. అక్కడ నోరు ఆగిపోయింది.

పొద్దున ఆ పేరు అనుకుని గోడను తన్ని బయల్దేరాను. నాలుగు బారలు వేసేసరికి ముందున్నవాడి మడమ తగిలి నా కళ్ళజోడు జారింది. వెనక్కి తిరిగి గోడ పట్టుకున్నాను, సర్దుకున్నాను, మళ్ళీ బయల్దేరాను. బయల్దేరుతూ యెహెజ్కేలు అనుకున్నాను. విలాపవాక్యములు అప్పటికే అనేశాను కదా. నేను గోడ తాకడం చూసి రామకృష్ణన్న టిక్కు పెట్టి ఉంటాడు. ఇద్దరి లెక్కా కలిసింది, ఇద్దరిదీ తప్పే. నేను ఈదింది ముప్పై ఏడు.

పదిహేను కిలోమీటర్లు నాతో నేను వాదించుకున్నాను. నూట పదమూడు కిలోమీటర్లలో యాభై మీటర్లు ఒక లెక్కా? ఎవరికి తెలుసు? బయట పెడితే రామకృష్ణన్నను తప్పు పట్టినట్టవుతుంది. నా వేళ్ళను కడ్డీ మీంచి విప్పిన మనిషిని. ఇలా ఎన్ని చెప్పుకున్నా, చివరికి మిగిలింది ఒక్క మాటే. మళ్ళీ కాస్త మిగిల్చాను. ఈసారి దాన్ని పూర్తి చెయ్యడానికి ఇంట్లో ఎవరూ లేరు.

సైకిలు దిగేసరికి పోటీ మొదలై ఐదు గంటల ఇరవై నిమిషాలు అయింది. పరుగు మొదలుపెట్టాల్సినవాణ్ణి నిర్వాహకుల బల్ల దగ్గరికి నడిచాను. పోటీ నడిపేది రిచర్డ్, నలభై దాటిన మనిషి. రామకృష్ణన్న పక్కనే కుర్చీలో ఉన్నాడు. విషయం చెప్పాను.

“అంకుల్, షీట్‌లో థర్టీ ఎయిట్ ఉంది. అదే ఫైనల్. ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు. మీరు రన్ స్టార్ట్ చెయ్యండి, ప్లీజ్.”

రామకృష్ణన్న లేచాడు. “నా లెక్క తప్పంటవా? ముప్పై ఏండ్ల సంది రౌండ్లు లెక్కవెడ్తున్న. పొద్దుగాల మీరు నీళ్ళల్ల ఉన్నంతసేపు కుర్సీల సుత కూసోలే.”

“తప్పు నాది అన్నా. మధ్యలో వెనక్కొచ్చి గోడ పట్టుకున్నాను. నువ్వు చూసింది నిజమే, నా చెయ్యి గోడ మీద ఉంది.”

ఆయన బల్ల మీది షీటు ముందుకు లాక్కుని, టిక్కుల మీద వేలు పెట్టి చూడసాగాడు.

“కాగితం మార్చమనడం లేదు,” అన్నాను రిచర్డ్‌తో. “నీళ్ళలోకి దిగనిస్తారా, అంతే.”

“మీ ఇష్టం అంకుల్. క్లాక్ మాత్రం ఆగదు.”

కొలను ఖాళీగా ఉంది. గీతలుగా కట్టిన తాళ్ళు అప్పటికే విప్పేశారు. ఎండ పడి పైనీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. మడమలు నేల మీద ఆనడం లేదు, మెట్లు పట్టుకుని దిగాను. అవతలి గోడ చేరేలోపు ఎడమ పిక్క పట్టేసింది. చేతులతోనే లాగాను. ఊపిరికి తల తిప్పిన ప్రతిసారీ గట్టు మీద రెండు పాదాలు కనిపించాయి. రామకృష్ణన్న చెప్పులు విప్పి, మోకాళ్ళ నొప్పితో కుంటుతూ, నా పక్కనే నడుస్తున్నాడు. అవతలికి వచ్చాడు. ఇవతలికీ వచ్చాడు. నేను ఈ గోడ తాకాక చెయ్యి అందించి పైకి లాగాడు.

“ఉర్కు,” అన్నాడు.

బూట్లు తొడుక్కుని పరుగు మొదలుపెట్టేసరికి ఐదు గంటల ముప్పై నాలుగు. కంటోన్మెంటు వీధుల్లో నాలుగు చుట్లు. మొదటి చుట్టు పరిగెత్తాను. రెండోది సగం నడిచాను. మూడో చుట్టు మలుపులో ఎలీసబెతు వదిన గుడికి కట్టుకున్న తెల్లచీరలోనే గొడుగు వేసుకుని నిలబడి ఉంది. చేతిలో ఉప్పు వేసిన మజ్జిగ సీసా.

“ఆరాధన ఎప్పుడో అయిపోయింది. మీరింకా ఇక్కడే తిరుగుతున్నారేంటి?”

“ఇంకో చుట్టుంది వదినా.”

“తాగి తగలడండి. ఆగకండి, మళ్ళీ కాళ్ళు పట్టేస్తాయి.” నాతో పాటు పది అడుగులు గబగబా నడిచి, గొడుగు నా తల మీద పట్టింది. తర్వాత ఆమెకు ఆయాసం వచ్చి ఆగిపోయింది.

నాలుగో చుట్టులో గడియారం చూడటం మానేశాను. ఎదురుగా ఎవరూ రావడం లేదు. రోడ్డు పక్క నీళ్ళ బల్లలు ఎత్తేస్తున్నారు. ఎత్తేస్తున్న మనిషి నన్ను చూసి, కట్టిన పెట్టె మళ్ళీ విప్పి ఒక అరటిపండు ఇచ్చాడు.

గీత దాటేసరికి ఎనిమిది గంటల ముప్పై ఆరు నిమిషాలు. బ్యానరు ఒక వైపు అప్పటికే దింపేశారు. రిచర్డ్ వచ్చి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు.

“సారీ అంకుల్. టైమ్ అయిపోయింది. మెడల్ ఇవ్వలేను.”

“పరవాలేదు బాబూ.”

అది మర్యాదకు అన్న మాట కాదు. నీళ్ళలో, రోడ్డు మీద, కాళ్ళ మీద ఎక్కడా ఏదీ మిగలలేదు. నిలబడలేక రామకృష్ణన్న ఖాళీ చేసిన కుర్చీలో కూలబడ్డాను. బూట్లు విప్పుకుందామని వంగితే నడుము వంగలేదు, చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాయి.

“చెప్తే ఇంటివా?” అంటూ వచ్చాడాయన. “ఆ నీళ్ళల్ల దిగకపోతే పదిహేను నిమిషాలు మిగులుతుండె. మెడలో బిళ్ళ ఏస్కొని పోతుంటివి. పిచ్చోనివి.”

“అవునన్నా.”

ఆయన కుర్చీ చెయ్యి పట్టుకుని, ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది నేల మీద ఆనించాడు. వద్దన్నా వినలేదు. తడిసి బిగుసుకుపోయిన ముడిని గోళ్ళతో లాగుతూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

“షీట్ల ఆ ఇరవై అయిదో టిక్కు కొట్టేసిన. కింద కొత్తది పెట్టి, పక్కన టైం రాసిన. పదకొండున్నర. సంతకం సుత పెట్టిన.”

కుడి బూటు వచ్చేసింది. పాదానికి గాలి తగిలింది. నేను ఎడమ కాలు ముందుకు చాచాను.