వంటావార్పులో కల్లు గొట్టాలు

కల్లు పులిసేటప్పుడు అందులో ఏ ఆమ్లం ఎంత పుడుతుందో తేల్చడం నీల పరిశోధన. కోరుట్ల దగ్గర తండ్రి మొండయ్య గీసే ఈత కల్లునే వాడేది. కొంత పాత లొట్టిలోది, అంటే కల్లు పట్టే పాత కుండలోది; కొంత వేడినీళ్లతో కడిగిన లొట్టిలోది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో, ఒక పొద్దున కల్లు నింపిన గాజు గొట్టాలను ఐసు డబ్బాలో పెట్టుకుని ఆటోలో జగిత్యాల బయల్దేరింది. జగిత్యాల మొదట్లోనే రోడ్డు మూసేశారు. నిరసనగా నడిరోడ్డు మీదే వండుకుని తినే వంటావార్పు. కాలేజీ ల్యాబు అటెండరు ఆనందం కూడా అక్కడి సమ్మె టెంటులోనే కూర్చున్నాడు.

"సమ్మె అయ్యేదాక తాళం తియ్య బిడ్డా. నీకు తీస్తే రేపు అందరికీ తియ్యాలె," అన్నాడు.

అది నీలకు న్యాయంగానే తోచింది. ఆమె కూడా అదే టెంటులో ఎన్నోసార్లు కూర్చుంది. కానీ ఐసు కరిగిపోయింది, మూతల సందుల్లోంచి నురగ వస్తోంది. కల్లు ఇంకా పులిస్తే లెక్కంతా తప్పుతుంది. నెలల పని కళ్లముందే పాడవుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. అప్పుడే పొయ్యి మీద మరుగుతున్న నీళ్లు కనిపించాయి.

వంట చేస్తున్న నర్సక్కను అడిగితే, అన్నం వండే చోట కల్లేమిటని ఆమె ముఖం చిట్లించింది. మరిగే నీళ్లలో ఉంచితే పులియబెట్టే క్రిములు చస్తాయని, కల్లు ఉన్నది ఉన్నట్టు ఆగిపోతుందని నీల వివరించింది. నర్సక్క ఆ నీళ్లు కొన్ని చాయ్ గిన్నెలోకి వంచి పొయ్యి మీద పెట్టింది.

"గిండ్ల పెట్టు. అన్నం జర ఆలిశమైతది, ఏం గాదు."

నీల మూతలు వదులు చేసి గొట్టాలను ఉడికించింది. ఒకటి పగిలింది. మిగతావాటి మూతలు బిగించి ఇంటికి తీసుకెళ్లింది.

సమ్మె ముగిశాక ఆనందమే పొద్దున్నే వచ్చి ల్యాబు తెరిచాడు. మెత్తటి పొడి నింపిన సన్నటి ఉక్కు గొట్టంలోకి వడకట్టిన కల్లు చుక్కను పంపితే, అందులోని ఆమ్లాలు విడిపోయి ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. ఎంత ఆమ్లం ఉంటే అంత ఎత్తున, ఒక్కోదానికి మిషను తెర మీద ఒక్కో శిఖరం లేస్తుంది. ముందు పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం వచ్చింది, తరువాత వెనిగర్‌లో ఉండే ఎసిటిక్. పాత లొట్టి కల్లులో రెండో శిఖరం నిటారుగా లేచింది. కడిగిన లొట్టిదాంట్లో చిన్న గుట్టలా ఆగింది.

నీల ఇంటికి తెచ్చిన ఆ శిఖరాల కాగితాన్ని మొండయ్య అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి రుచి ఏది మంచిగున్నదట?"

"రుచి గా మిషిన్ జెప్పదు బాపూ."

"అయితే సగం లొట్లు కడుగుత. తాగెటోళ్లే జెప్తరు."

పొద్దున వచ్చేవాళ్లు కాస్త పులుపు తగలాలని పాత లొట్టిదే అడిగారు. మధ్యాహ్నం వచ్చేవాళ్లు మాత్రం అప్పటికి అది మరీ పులిసిపోయిందని కడిగినదే కావాలన్నారు. మొండయ్య రెండూ ఉంచాడు.