వరదప్ప పెంచిన సొర

బకెట్టు నీళ్లలో ఉప్పుపొడి పోసి, వరదప్ప మోచేతి దాకా చెయ్యి ముంచి తిప్పుతున్నాడు. పొడంతా కరిగాక ఉప్పదనం కొలిచే గాజుగొట్టాన్ని అందులో వదిలాడు. అది సరిగ్గా గీత దాకా మునిగి నిలిచింది. అరవై రెండేళ్ల మనిషి, సముద్రాన్ని ఒక్కసారీ చూడలేదు. అయినా పదిహేను నెలలుగా వేలూరు దగ్గరి గుడియాత్తంలో తన మగ్గం పక్కన వారం వారం సముద్రపు నీళ్లు తయారుచేస్తున్నాడు.

పన్నెండో ఏట మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడు. లుంగీలు తప్ప మరొకటి నేయలేదు. వేలూరులో రంగుచేపలు అమ్మే అంగట్లో మేనల్లుడు ప్రదీప్ పనిచేస్తాడు. వాణ్ణి చూడబోయిన రోజు, చెడిపోయిందని పక్కన పడేసిన సొరచేప గుడ్డొకటి కంటబడింది. అరచేతిలో పట్టే తోలుసంచిలా ఉంది. వరదప్ప దాని వెనక టార్చి పెట్టి చూశాడు.

"లోపల పోగు కదలతా ఉండాది రా, ప్రదీపా."

మసక వెలుతురులో తెగిన పోగును పట్టే కన్ను అతనిది. ప్రదీప్ ఒక పాత గాజుతొట్టి, గాలిమోటారు ఇచ్చి గుడ్డుతో సహా పంపాడు.

నాలుగు నెలలు రోజూ పొద్దున్నే టార్చి వెలుగులో చూసేవాడు. పోగు తోకైంది. తోక ఊగింది. ఎండల్లో కరెంటు పోతే గడ్డకట్టిన నీళ్లసీసాలు తొట్టిలో తేల్చాడు. చివరికి ఒక పొద్దున జానకు తక్కువ పిల్ల, నలుపూ తెలుపూ పట్టీలతో ఇసుక మీద పడుకుని ఉంది. తొమ్మిది రోజులు ఏమీ ముట్టలేదు. ఇంట్లోకి నీసు రానివ్వని భార్య రాజాంబాళ్ పదోరోజు తానే రొయ్యను గోరంత ముక్కలుగా కోసింది.

"పావం, ఎన్నాళ్లని పస్తుంటాది?"

ఆ రోజు తిన్నది.

అప్పటినుంచి పదిగంటలకు మగ్గం ఆపి తిండి పెట్టేవాడు. నెల తిరిగేసరికి చప్పుడు ఆగితే చాలు, రాళ్ల సందులోంచి వచ్చి అద్దానికి ముక్కు ఆనించేది. దానికి చెవులెక్కడున్నాయో వరదప్ప ఎంత వెతికినా దొరకలేదు.

ఇప్పుడది మూరకు దగ్గరైంది. తొట్టిలో తిరగాలంటే ఒళ్లు వంచాలి. వేలూరులో ఒక డాక్టరమ్మ ఇంట్లో గదంత తొట్టి ఉందనీ, ఈ రోజు తీసుకుపోతాననీ, దారిలో సంచి నీళ్లు చెడకుండా రెండు రోజుల ముందునుంచే తిండి ఆపమనీ ప్రదీప్ చెప్పాడు.

పది దాటింది. మగ్గం ఆడుతూనే ఉంది. రాజాంబాళ్ కాఫీ తెచ్చింది.

"ఆపి తాగరాదా?"

"నిన్న ఆపినాను. వచ్చి నా చేతినే చూస్తా ఉండిపోయినాది. ఈ పొద్దు ఆపను."

కాఫీ చల్లారింది. మధ్యాహ్నం లేవక తప్పనప్పుడు భార్యను గుంటలో దించాడు. పాతికేళ్లుగా మగ్గం ముట్టని మనిషి, చప్పుడు ఆగనివ్వకుండా నేసింది. నేత వదులైంది. వరదప్ప వచ్చి ఆ వదులు మీదే మళ్లీ నేయసాగాడు.

మూడింటికి ప్రదీప్ మందపాటి సంచి, థర్మాకోల్ పెట్టె తెచ్చాడు. వల తీయబోతే వరదప్ప వద్దని, మగ్గం ఆపాడు.

సొర బయటికి వచ్చింది. నీళ్లలో పెట్టిన ఖాళీ అరచేతి మీదికి నెమ్మదిగా ఎక్కింది. దాన్ని అట్లాగే, బకెట్టులో కలిపిన నీళ్లు పోసిన సంచిలోకి జార్చాడు.

"ఇంత సులువుగా వస్తాదనుకోలేదు, మామా."

"ఆ ఇంట్లో మగ్గం లేదు గదరా. పది అయిందని దానికెట్లా తెలుస్తాది?"

ప్రదీప్ పెట్టె మూసి, బస్సుకు బయలుదేరాడు.

సాయంత్రం తొట్టిలో ఇసుక తోడుతుంటే, నువ్వుగింజలో సగం లేని తెల్లటిదేదో వేలికి అంటుకుంది. వరదప్ప దాన్ని మగ్గం దగ్గరికి తెచ్చి, పోగులు లెక్కపెట్టే భూతద్దం కింద పెట్టాడు.

"ఏమది?" రాజాంబాళ్ వంగి చూసింది.

"పన్ను. ఇన్నాళ్లూ నా చేతికి ఒక్కటీ తగల్లేదే!"

సగం నేసిన లుంగీ నీలిగళ్ల మీద, అద్దం కింద, మొన తేలిన ఆ చిన్ని పన్ను ఇంకా తడిగానే ఉంది.