కాఫీ ప్యాకెట్ల తడిక

రత్మిని కాఫీ ప్యాకెట్లు కడుగుతోంది. సందు మొదట్లో కాఫీ బడ్డీ నడిపే ముసలామె ఖాళీ ప్యాకెట్లన్నీ సంచిలో వేసి ఉంచుతుంది. రత్మిని రెండ్రోజులకోసారి వాటిని తెచ్చుకుని, లోపల అంటుకున్న పంచదార వేలితో తోమి, తీగ మీద ఆరేస్తుంది. ఆరేసిన ప్రతిసారీ అత్తగారిది ఒకటే మాట. "ఊళ్ళో చెత్తంతా మనింటికేనా తల్లీ? మునిసిపాలిటీ వాళ్ళు జీతమేమైనా ఇస్తున్నారా నీకు?" రత్మిని నవ్వేసి ఊరుకుంటుంది. నవ్వకపోతే ఎందుకు చేస్తున్నావని అడుగుతారు. ఆ ప్రశ్న రాకూడదు.

ఇండోనేషియాలోని సురబాయ ఊళ్ళో ఆ సందు ఇళ్ళన్నీ అగ్గిపెట్టెలే. వాళ్ళది ఒకటే గది. ముందు భాగంలో మరిది బాగస్ చాప, వెనక గోడ వారగా తనూ భర్త హర్తోయో పడుకునే మంచం, మధ్యలో అత్తగారి బీరువా. బీరువాకీ గోడకీ మధ్య మనిషి నడిచేంత ఖాళీ. ఫ్యాక్టరీలో పని పోయాక బాగస్ నాలుగేళ్ళుగా ఇంట్లోనే. మంచివాడే పాపం, కన్నెత్తి చూడడు. కానీ మరిది పరాయి మగాడి కిందే లెక్క, అతని ఎదుట తల మీద ముసుగు తియ్యకూడదు. అది ఆమె మనసారా నమ్మిందే, ఎవరో నెత్తిన రుద్దింది కాదు. ముసుగు వేసుకుని బయటికి వెళ్ళడం ఆమెకి ఇష్టం. వచ్చాక తీసే చోటే లేదు. ఆ ఉక్కలో, పొయ్యి ముందు, బట్టలుతుకుతూ, జ్వరమొచ్చి పడుకున్నా సరే, ముసుగే. మెడ వెనక చెమటకాయలు పుండ్లయ్యాయి. సొంతింట్లో కాసేపు జుట్టు విప్పుకునే జాగా లేకపోతే అదేం ఇల్లు?

ఒకసారి మంచానికి అడ్డంగా దుప్పటి కట్టింది. రెండో రోజే అత్తగారు లాగేశారు. "గాలి రానివ్వవా? పెళ్ళై ఆరేళ్ళయింది, ఇంకా ఏం దాచుకుంటావే?" చెక్క గోడ పెట్టిద్దామంటే హర్తోయో కస్సుమన్నాడు. "ఈ కొంపకి గోడొకటి తక్కువైందా? తమ్ముడేమనుకుంటాడు? పొమ్మన్నట్టుండదూ?"

అప్పటికే ఆమె కోడిగుడ్ల అట్టలతో గోడకి పూలు చేసింది, నూనె డబ్బాలు కోసి తొట్లు చేసింది, చిరిగిన జీన్స్‌తో దువ్వెనలు పెట్టుకునే జేబులు కుట్టి తగిలించింది. వాటికి ఎవరూ ఏమీ అనలేదు, పైగా వచ్చినవాళ్ళ దగ్గర అత్తగారే మురిసిపోయేవారు. అప్పుడు తట్టింది రత్మినికి. గోడ అడిగితే ఇవ్వరు, అలంకారమంటే కాదనరు. కాఫీ ప్యాకెట్లతో తడిక అల్లితే దుప్పటిలా ఎగరదు, అల్లికలో సందులుంటాయి కాబట్టి గాలి ఆగదు. బీరువాకీ గోడకీ మధ్య ఖాళీని జానలతో కొలుచుకుంది. ప్యాకెట్లు మడతలు పెట్టి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఎర్రగడి పక్కన బంగారు గడి వచ్చేలా తడిక అల్లింది. వంట, ఉతుకు, అత్తగారి కాళ్ళు పట్టడం అన్నీ అయ్యాక మిగిలిన ముక్కచెక్కల సమయంలో ఏడాదిన్నర పట్టింది.

వేలాడదీసిన రోజు అత్తగారు కూడా "బానే కుదిరిందే" అన్నారు. మధ్యాహ్నం రత్మిని దాని వెనక్కి వెళ్ళి, మంచం మీద కూర్చుని, ముసుగు తీసి, జుట్టు విప్పింది. మెడకి ఫ్యాను గాలి తగిలింది. ఏడుపొచ్చేసింది. అలా పదకొండు రోజులు, రోజుకో అరగంట.

పన్నెండో రోజు సందు పెద్దగారి భార్య బు సుతిక్నో వచ్చింది. అక్కడ పెళ్ళైన ఆడవాళ్ళని భర్త పేరుకి ముందు 'బు' చేర్చి పిలుస్తారు. ఆగస్టు పదిహేడు, స్వాతంత్ర్య దినానికి సందుల అలంకరణ పోటీ. తడిక చూసి గుండెల మీద చెయ్యేసుకుంది. "అబ్బబ్బ, బు హర్తోయో! ఇంత కళ లోపల దాచుకున్నారా? సందు మొగదల కమానుకి ఇది కడితే కప్పు మనదే!"

"అది... అది ఇక్కడ కావాలండీ," అంది రత్మిని.

"ఎందుకూ?" అన్నాడు హర్తోయో.

ముందు చాప మీద బాగస్ ఫోను చూసుకుంటున్నాడు. అతను వింటుండగా, సందు పెద్దగారి భార్య ముందు, ఎందుకని చెప్తుంది?

"తీసుకెళ్ళండి బు, సందు పరువు మనందరిదీ," అన్నాడు హర్తోయో. "దీనికేం, రోజంతా ఖాళీనేగా. ఇంకోటి అల్లుకుంటుంది."

"కూర్చుని చేసే పనేగా," అన్నారు అత్తగారు.

కమాను వంపుకి సరిపోలేదని తడికని మూడు ముక్కలు కోశారు. ఎండకి ఎర్రరంగు వెలిసింది, రెండు వానలకి అంచులు విడిపోయాయి. మొదటి బహుమతి వచ్చింది. హర్తోయో కుటుంబానికి అని రాసిన ప్రశంసాపత్రం ఫ్రేము కట్టించి బీరువాకి తగిలించారు. దాని పక్కన ఆ ఖాళీ ఖాళీగానే ఉంది. ఇంకో సంచి ప్యాకెట్లు తెచ్చి కడిగింది గానీ అల్లడానికి చేతులు కదల్లేదు. ఇంకో ఏడాదిన్నర. అల్లితే మళ్ళీ ఎవరో మెచ్చుకుంటారు. సంచిని మంచం కిందకి తోసేసింది.

శుక్రవారాలు సందులో ఆడవాళ్ళకి ఈ అల్లిక ఉచితంగా నేర్పుతుందని హర్తోయోనే మాటిచ్చి వచ్చాడు. మొదటి శుక్రవారం పద్నాలుగు మంది వచ్చారు. గ్లాసుల కింద పెట్టే బిళ్ళలు, పూలసజ్జలు నేర్పింది. అందరూ వెళ్ళిపోయాక తొమ్మిదో నంబరింటి కొత్త కోడలు కినాసి మాత్రం చెప్పులేసుకుంటూ ఆగింది. ఇరవై ఏళ్ళుండవు. ముసుగు అంచు మెడ దగ్గర చెమటకి తడిసి ఉంది.

"అక్కా, తలుపంత అల్లాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

"తలుపంతా? ఎందుకే?"

"ఊరికే. అందం కోసం." కిందకి చూస్తూ అంది. "మా మామగారి తమ్ముడు పగలంతా మా ఇంట్లోనే ఉంటారు."

రత్మిని తను ప్యాకెట్లు కోసే కత్తెరా, కడిగి పెట్టుకున్న ప్యాకెట్ల సంచీ తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"ఏడాదిన్నర పడుతుంది," అంది. "అందంగా మాత్రం అల్లకు. అందంగా ఉంటే పట్టుకుపోతారు."