ఆరో పూట

"నలభై నాలుగు కేజీల మూడు వందలు," అంది నర్సు. పోయిన సోమవారం కంటే తొమ్మిది వందల గ్రాములు తక్కువ.

అక్క పళ్లు బిగించింది. బట్టలు కుట్టి బతికే మనిషి, అరంగుళం తేడా వస్తే కుట్టంతా విప్పే మనిషి. మెడలోని టేపు తీసి తమ్ముడి జబ్బ కొలిచింది. అక్కడా పావు అంగుళం తగ్గింది.

గోడలకు రంగులు వేసే తమ్ముడు పరంజా మీదనుంచి పడి రెండు నెలలైంది. తలకు తగిలిన దెబ్బకు గొంతు మింగడం మరిచిపోయింది. ముక్కులోంచి కడుపుదాకా సన్నని గొట్టం. రోజుకు ఆరు పూటలు, పూటకు రెండు వందల మిల్లీలీటర్లు. పాలపొడి కలిపేది అతని భార్య, సిరంజి పట్టేది అక్క. చార్టులో ఒక్క గడి ఖాళీ లేదు, ఒక్క పూట ఆలస్యం లేదు. అయినా మనిషి కరిగిపోతున్నాడు.

ఈ వారం నలభై ఐదు కేజీలుంటే నడక నేర్పే వార్డులో మంచం ఇస్తామన్నారు. ఇప్పుడా మంచం ఇంకొకరిది.

"నువ్వు పల్చగా కలుపుతున్నావే," అంది అక్క, మరదలి వైపు చూడకుండానే.

"మీ ఎదురుగానే కదా వదినా కలిపేది! చెంచా మీద కత్తితో గీసి మరీ వేస్తున్నాను. ఇంకా నమ్మకం లేకపోతే గింజ గింజా లెక్కపెట్టుకోండి."

"పొడిలో గింజలుంటాయా?"

"మీకు కనిపిస్తాయి లెండి. మీ కళ్లు అలాంటివి."

డైటీషియన్ వచ్చింది. చార్టు తిరగేసింది, డబ్బా చూసింది, కలిపిన పాలను వేళ్ల మధ్య రాసి చూసింది. చిక్కగానే ఉన్నాయి.

"ఈ పూట పాలు ఎలా పోస్తారో ఒకసారి చూపించండి," అంది.

అక్క చేతులు కడుక్కుంది. తమ్ముడి తలవైపు మంచం ఎత్తింది. ఖాళీ సిరంజి గొట్టానికి బిగించి, మొదటి రోజు నర్సు నేర్పినట్టే మెల్లగా వెనక్కి లాగింది. కడుపులో మిగిలినది తెల్లగా పైకి వచ్చింది. నలభై మిల్లీలీటర్లు. దాన్ని కింద ఉన్న గిన్నెలో పారబోసి, సిరంజి కడిగి, కొత్త పాల కోసం చెయ్యి చాపింది.

"ఆగండి. దాన్ని పారబోశారేంటి?"

"కడుపులోంచి వచ్చిన ఎంగిలి కదమ్మా. పాచిది మళ్లీ లోపలికి ఎవరు పోస్తారు?"

"పోయాలమ్మా! లాగేది అరిగిందో లేదో చూడటానికే. అందులో అరుగుతున్న పాలున్నాయి, కడుపు రసాలున్నాయి, లవణాలున్నాయి. పూటకు నలభై అంటే, ఆరు పూటలకు?"

అక్క వేళ్ల మీద లెక్కవేసింది. రెండు వందల నలభై. ఒక పూట కంటే ఎక్కువ. ఆరు పూటలు పోశానని రోజూ రాసింది. ఆరో పూటను రోజూ తన చేత్తోనే పారబోసింది.

"లాగమని చెప్పారు, ఎంతొచ్చిందో చూడమన్నారు," అంది అక్క. "తిరిగి పోయమని ఒక్కరు... ఒక్కరైనా చెప్పారా?"

డైటీషియన్ తల దించుకుంది. "చెప్పాల్సింది మేమే," అంది. "మరో మంచం ఖాళీ అయ్యేది రెండు వారాలకు."

ఆమె వెళ్లాక అక్క సిరంజిని మరదలి ఒళ్లో పెట్టింది. "ఇకనుంచి నువ్వే పట్టు."

రెండు నెలలు పడ్డ మాటలన్నీ మరదలి నాలుక చివర ఉన్నాయి. అయినా సిరంజిని తిరిగి అక్క చేతిలోనే పెట్టింది.

"కొలత మీకే తెలుసు వదినా. పట్టండి, నేను చూస్తుంటాను."

తర్వాతి పూటకు ముప్ఫై ఎనిమిది వచ్చాయి. తమ్ముడు కళ్లు తెరిచి చూస్తున్నాడు. అలవాటుకొద్దీ అక్క చెయ్యి గిన్నెవైపు వంగబోయింది.

మరదలు గిన్నెను కాలితో మంచం కిందికి తోసేసింది.

అక్క ముప్ఫై ఎనిమిదింటినీ చుక్క పోకుండా వెనక్కి పంపింది.