ఫడిపే కోసేసిన బదనిక

పొద్దున్నే అబేకే అవ్వ వాకిట్లో జనం చేరతారు. ఎవరు మందాకు తెచ్చినా ఆవిడ ముందు వాసన చూసి, "ఏ చెట్టు మీదిది?" అని అడుగుతుంది. బదనిక ఏ చెట్టును పట్టుకుని బతికితే ఆ చెట్టు గుణమే దానికి అబ్బుతుంది. జామ మీదిది రక్తపోటుకి, నిమ్మ మీదిది చక్కెర జబ్బుకి. కడుపు నిలవాలంటే మాత్రం కోలా చెట్టు మీదిదే కావాలి.

ఆ రోజు ఫడిపే ఉత్త చేతులతో వచ్చాడు. వెనకే భార్య సోలా. ఆమెకు ఇంతకుముందు మూడు కడుపులు ఐదో నెలలోనే పోయాయి. ఇప్పుడు నాలుగోదానికి ఐదో నెల వచ్చింది.

"బదనిక ఏదిరా? మీ కోలా చెట్టు నిండా ఉండేదిగా!" అంది అవ్వ.

ఫడిపే తల వంచుకున్నాడు. సోలాయే చెప్పింది. "కోకో చెట్లను పీల్చేస్తోందని ఎండాకాలంలో తోటంతా ఎక్కి కోసేశాడవ్వా. కోలా చెట్టునీ వదల్లేదు. ఊళ్ళోవాళ్ళు మెచ్చుకుంటే పొంగిపోయి వాళ్ళ చెట్లూ ఎక్కాడు. ఆ శ్రద్ధ ఇంట్లో చూపిస్తే నాకు చీపురు పట్టే పనే ఉండకపోను."

"కొత్తది మొలవాలంటే ఏడాది పడుతుంది, చెట్టు మీదైతే" అంది అవ్వ. "మనిషి మీద వారం చాలు, కడుపు నిలపడానికి అదీ పనికొస్తుంది. కానీ పీలుస్తుందిరా నాయనా. చెట్టునే వదలనిది నిన్ను వదుల్తుందా?"

ఫడిపే భార్య కడుపు వంక చూసి, చొక్కా విప్పాడు.

మూడు రోజులు కోలా చెట్టు కింద కదలకుండా నిలబడ్డాడు. మూడో నాడు ఓ చిన్న పిట్ట అతని ఎడమ భుజం మీద వాలి, ముక్కుకి అంటిన బదనిక జిగురు గింజను అక్కడే రుద్ది పోయింది. వారానికి ఆకులు వేసింది. దారినపోయేవాళ్ళు "నీళ్ళు చల్లుతున్నావా?" అని అడిగి వెళ్ళేవారు. దర్జీ అడక్కుండానే అతని చొక్కాలకి ఎడమ చెయ్యి కత్తిరించి ఇచ్చాడు.

సోలా రోజూ మూడాకులు తుంచి, కాచి తాగేది.

"ఎలా ఉంది?"

"చేదు. అంతా నీ గుణమే."

ఆరో నెల దాటింది, ఏడూ దాటింది. ఆమె కడుపు పెరుగుతుంటే అతని ఎడమ చెయ్యి సన్నబడుతూ వచ్చింది. ఒకనాడు ఆ చేత్తో పొయ్యి మీది గిన్నె దించాడు. చర్మం కమిలినా అతనికి తెలియలేదు. సోలాకి ఏడుపొచ్చింది.

"ఇక చాలయ్యా, పీకించెయ్యి."

"నాకూ భయంగానే ఉంది" అన్నాడు ఫడిపే. "అయినా తాగు. ఇంకా రెండు నెలలుంది."

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. కెవ్వుమన్న ఆ గొంతు విని ఫడిపే గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. అవ్వ బదనిక కోద్దామని కత్తి పట్టుకొచ్చేసరికి అది దానంతటదే ఎండి రాలింది. ఆవిడ అతని చెయ్యి మోచేతి నుంచి వేళ్ళదాకా గిచ్చి చూసింది. అతను ఉలకలేదు.

"పోయింది నాయనా" అంది మెల్లగా. బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టింది.

బిడ్డ కాసేపు గాల్లో వెతికి, ఆ ఎండిన చేతి చిటికెన వేలు పట్టుకుంది.

ఫడిపే ఉలిక్కిపడ్డాడు.

"అవ్వా, గట్టిగా పట్టుకుందే!" అన్నాడు.