ఎల్లారెడ్డికి ఒక్క నిమిషం

అది పంతొమ్మిది వందల తొంభై ఐదు. రంజాన్ నెలవంక ఆ సాయంత్రమే కనబడొచ్చు. ఎల్లారెడ్డికి వెళ్ళాల్సిన, తెల్లవారుజాము సహరీ, ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళల పట్టిక ఇంకా నా కంప్యూటర్లోనే ఉంది. మూడింటికల్లా పేజీ అందకపోతే వేరే పని ఎక్కిస్తానని ప్రెస్సు సిద్దిరాములు తెగేసి చెప్పాడు. అప్పటికే ఒంటిగంటా పది.

ముప్పై ఏళ్ళు ఆ పట్టికను చేత్తో రాసింది మా నాన్న, ఉర్దూ అందంగా రాసిపెట్టే కాతిబ్ ఘనీ. కిందటేడు పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఈసారి ఆ పని కామారెడ్డి బజారులోని నా డీటీపీ కొట్టుకు వచ్చింది. చేయలేకపోతే ఇక మా ఇంటికి రాదు.

కామారెడ్డి పట్టిక పొద్దున్నే అచ్చుకు పోయింది. ఎల్లారెడ్డి పడమరన ఉంది కాబట్టి అక్కడ పొద్దు ఒక నిమిషం ఆలస్యంగా గుంకుతుంది. సహరీ నిమిషం ముందే ముగించినా తప్పులేదు కానీ, ముప్పై ఇఫ్తార్ వేళలకూ ఒక్కో నిమిషం కలపాలి. చిన్న పనే అనుకున్నాను. మొదటి గడి మార్చాక ఉర్దూ పేజీ మళ్ళీ తెర మీదికి రావడానికి నాలుగున్నర నిమిషాలు పట్టింది. లెక్క వేస్తే మిగిలిన ఇరవైతొమ్మిదికే రెండు గంటలు దాటుతుంది.

తప్పు నాదే. పాత కంప్యూటర్ వేగం పెంచే కార్డులు రెండు, వాడి చూడమని హైదరాబాద్ వ్యాపారి ఇచ్చాడు. ఒకటి యాభై మెగాహెర్ట్జ్, క్యాష్ మెమరీ లేదు. రెండోది ముప్పైమూడే, కానీ పదేపదే వాడేవాటిని దగ్గరే పెట్టుకోవడానికి అరవైనాలుగు కేబీ క్యాష్ ఉంది. తెలుగు పెళ్ళిపత్రికతో పరీక్షిస్తే యాభై గెలిచింది. పెద్ద అంకె చూసి మురిసిపోయి, రెండోదాన్ని వాపసు పంపడానికి అట్టపెట్టెలో కట్టేశాను. ఉర్దూతో చూడాలని తట్టనే లేదు, కాతిబ్ కూతుర్నయి ఉండీ!

"ఒక్క నిమిషమే గద ఆపా, ఎవలికి తెలుస్తది? కామారెడ్డిదే ఇచ్చెయ్" అన్నాడు తమ్ముడు సలీమ్.

కొట్టు మూల కూర్చున్న నాన్న కుర్చీలోంచి లేవబోయారు. "పొద్దు గూకక ముందే నోట్ల ఖజూర్ వెడితే రోజా పోతది, దినమంత ఉన్న ఉపాసం దండుగైతది. ఊరందరి రోజా నువ్వు మోస్తవారా?"

నాన్న నావైపు తిరిగారు. "ఏంది బిడ్డా, కొత్తది మస్తు ఉర్కుతదంటివి?"

"ఉర్కుతది అబ్బాజాన్. గని ఉర్దూల పక్క అక్షరాన్ని బట్టి రూపు మారుతది గద. ఒక్కో రూపు కోసం పాత మెమరీ దాక పోయి రావాలె. గాడ ఆగుతున్నది."

"సిరాబుడ్డి పక్కింట్ల వెట్టుకొని రాసినట్టున్నది. చెయ్యి ఎంత చురుకైతే ఏం లాభం?"

అట్టపెట్టె చింపాను. స్లాటు పాతది. విరిగిందా, ఏ పట్టికా ఉండదు. యాభైని పీకి ముప్పైమూడును నొక్కాను. తెర నల్లగానే ఉంది. కార్డు తీసి, అంచును రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టాను. ఈసారి బీప్ వినిపించింది. ఒంటిగంటా నలభై.

రెండో గడి మార్చాను. రెండు నిమిషాలు కాకుండానే పేజీ వచ్చింది. అవే నెలలు, అవే వారాలు, అవే అక్షరాల రూపులు. కార్డు వాటికోసం ఎక్కడికీ పోవడం లేదు.

రెండూ నలభైకి చివరి గడి మార్చి ప్రింటు తీశాను. నాన్న ఎడమచేతి వేలితో ముప్పై వరసలూ చదివారు. సలీమ్ తలుపు దగ్గర చెప్పులేసుకుని నిలబడ్డాడు. ఇరవైమూడో వరస మీద వేలు ఆగింది.

"ఇది మార్వలే నువ్వు."

మార్చి మళ్ళీ ప్రింటు తీశాను. మూడుకు ఐదు నిమిషాలుండగా సలీమ్ కాగితం పట్టుకుని పరుగెత్తాడు.

నాన్న తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇగ నేను రాయకున్నా ఎల్లారెడ్డి టైముకే రోజా ఇడుస్తది బిడ్డా" అన్నారు.

పొద్దున్నుంచి నేను కోరుకున్నది అదే. అయినా ఆ మాట వినగానే ఏడుపు ఆగలేదు.