ముళ్ళచెట్టు కంచె

దేశంకాని దేశంలో, తువాస్ అనే చోట కంప్యూటర్ల కంపెనీకి కడుతున్న భవనం మూడో అంతస్తు నుంచి భీమారావు పడ్డాడు. నడుముకు కట్టే బెల్టు అడిగితే రేపన్నారు, ఆ రేపు రాలేదు. సాయంత్రం విమానానికి, విరిగిన కాలితోనే అతన్ని దేశం పంపేస్తున్నారని మధ్యాహ్నానికే తెలిసింది.

అతన్ని మోసుకొచ్చి వ్యానెక్కించిన భద్రయ్య, ఎదురుగా ఉన్న ముళ్ళచెట్టు నీడకేసి చూశాడు. చెట్టు చుట్టూ కంచె. పూటపూటకూ నీళ్ళు. పనికొచ్చే మనుషులేమో వానలోనైనా లారీ మీద నిలబడి వస్తున్నారు.

ఆ భోగం ఐర్లండు ఇంజనీరు డెక్లన్ చలవ. వాళ్ళ దేశంలో ఒంటి ముళ్ళచెట్టు కింద కంటికి కనపడని జనం కాపురముంటారట. పాతకాలపు గుండ్రటి మట్టిగట్లు వాళ్ళ కోటలట. ఆ చెట్టు మీద గొడ్డలి పెట్టినవాడు బాగుపడడట. రోగిష్టివాడి గుడ్డ కొమ్మకు కడితే, గుడ్డ చివికేకొద్దీ రోగం దిగుతుందట. నవ్వుతూనే చెప్పాడు గానీ కంచె వేయించాడు. కంట్రాక్టరు మారుమాట లేకుండా రోడ్డునే పక్కకు వంచాడు.

అన్నాల దగ్గర భద్రయ్య గొడ్డలి అందుకున్నాడు.

“నరికీదుం రండ్రా. మన భీమారావుకి లేని కంచె దీనికేటి?”

ఇనుము కట్టే సిద్ధార్థ అడ్డం తిరిగాడు.

“సెట్టు మీద ఏడిస్తే ఏటొస్తాది మావా? ఆ కంచెలో మనకీ బోలెడు సోటుంది, సూడు.”

వాదన ముదిరింది. పని పోతుందన్నారు కొందరు. ఇంటి దగ్గర పిల్లలున్నారన్నారు ఇంకొందరు. భద్రయ్య గొడ్డలి కింద పడేసి, మోసేటప్పుడు విప్పిన భీమారావు నెత్తుటి చొక్కా తీసుకుని కంచె దాటాడు. కొమ్మకు కట్టి, నీడలో కూర్చున్నాడు. ఒకడి వెనక ఒకడు అందరూ దాటారు.

తెలుగు సూపర్వైజరు మధుసూదనరావు పరిగెత్తుకొచ్చి, ఆ చొక్కా విప్పమని బూతులు తిట్టాడు.

“నువ్వే విప్పు బాబూ,” అన్నాడు భద్రయ్య. “దాటి రా.”

అతను చెట్టుకేసి చూసి, కంచె దగ్గరే ఆగిపోయాడు.

డెక్లన్ వచ్చి, బయటికి రమ్మని బతిమాలాడు. సిద్ధార్థ వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు.

“కనపడనోళ్ళకి కోట ఇచ్చావు సారూ. మేం కనపడుతున్నాం గదా?”

డెక్లన్ ఆ చొక్కా చూసి, ఫోను తీసి వ్యానును ఆసుపత్రికి తిప్పమన్నాడు.

పోలీసుల్ని మాత్రం కంట్రాక్టరు పిలిచాడు. వాళ్ళు ముందు భద్రయ్యనే లేపారు. అతను తన చొక్కా విప్పి సిద్ధార్థ ఒళ్ళో పడేశాడు.

“కట్టు. లెగీకండి, బెల్టులొచ్చిందాకా.”

పోలీసు బండి జాలీ కిటికీలోంచి భద్రయ్య వెనక్కి చూశాడు. కొమ్మకొమ్మకూ చొక్కాలు లేస్తున్నాయి. ముళ్ళు కనపడడం లేదు. కంచె బయట ఎండలో మధుసూదనరావు ఒక్కడే నిలబడి, లోపలి నీడకేసి చూస్తున్నాడు.

ఆ చూపు భద్రయ్య ఎరిగిందే. మధ్యాహ్నందాకా అది తనదే.